ఓడ వేరు, బొమ్మ వేరు, నకలు వేరు

ఈ నెల ఇంటి పాఠం: చిత్రకళ, చరిత్ర, కొంచెం లెక్కలు
(6 నుంచి 10వ తరగతి పిల్లల తల్లిదండ్రులకు)



ఫ్రేముల షాపుకు వెళ్లినా, ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరిచినా 'చేతితో వేసిన ఆయిల్ పెయింటింగ్' అని రాసి ఉన్న సముద్రపు బొమ్మలు చాలా కనిపిస్తాయి. తెరచాపలెత్తిన ఓడ, ఎర్రటి ఆకాశం, నురగలు కక్కే అలలు. వాటిలో చాలా బొమ్మలు ఎప్పుడో ఒక పాత చిత్రకారుడు వేసినదానికి నకళ్లు. హాల్లో సోఫా వెనక గోడకు బాగుంటుందని కొంటాం. ఆ తర్వాత పిల్లలు వచ్చి "ఇది నిజం ఓడేనా? ఎవరు వేశారు?" అని అడిగితే తడుముకుంటాం.

ఆ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడమే ఈ నెల పాఠం. ఇందుకోసం నకళ్ల షాపుల్లో తరచూ కనిపించే ఒక బొమ్మను తీసుకుందాం. ఇంగ్లండ్ చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్ వేసిన 'ది ఫైటింగ్ టెమెరేర్' అది. అసలు బొమ్మ లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. 2020లో వచ్చిన బ్రిటన్ 20 పౌండ్ల నోటు మీద టర్నర్ ముఖంతో పాటు ఈ ఓడ కూడా ఉంటుంది. మీ బంధువుల పిల్లలెవరైనా అక్కడ చదువుకుంటుంటే ఆ నోటును ఫొటో తీసి పంపమనండి. 'స్కైఫాల్' సినిమాలో జేమ్స్ బాండ్ గ్యాలరీలో కూర్చుని చూసేదీ ఈ బొమ్మనే. పెద్ద తరగతుల పిల్లలకు ఆ మాట చెబితే వెంటనే చెవులు నిక్కబొడుచుకుంటారు.

ముందుగా ఆ బొమ్మను ఫోన్‌లో కాకుండా, వీలైతే ల్యాప్‌టాప్ లేదా టీవీ తెర మీద పెద్దదిగా పెట్టుకుని పిల్లలతో కలిసి చూడండి. తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కుదాం.

మొదటి మెట్టు: నిజం ఓడ

టెమెరేర్ అనేది ఫ్రెంచి మాట. తెగువ గలది అని అర్థం. ఆ పేరుతో ఇంగ్లండ్‌లోని చాథమ్ ఓడల కార్ఖానాలో 98 ఫిరంగుల యుద్ధనౌకను కట్టి 1798 సెప్టెంబర్ 11న నీళ్లలోకి దించారు. దాన్ని కట్టడానికి 5,000కు పైగా ఓక్ చెట్లు పట్టాయని చెబుతారు.

1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరం దగ్గర ట్రఫాల్గర్ యుద్ధం జరిగింది. ఒకవైపు 27 బ్రిటిష్ యుద్ధనౌకలు, మరోవైపు 33 ఫ్రెంచి, స్పెయిన్ నౌకలు. సేనాని నెల్సన్ ఉన్న విక్టరీ ఓడ వెనకే టెమెరేర్ నడిచింది. విక్టరీ చిక్కుల్లో పడ్డప్పుడు అడ్డం వెళ్లి ఆదుకుంది. రెడౌటబుల్, ఫూగూ అనే రెండు ఫ్రెంచి నౌకలు దానికి చిక్కాయి. ఆ రోజుతో టెమెరేర్ పేరు ఇంగ్లండ్ అంతా మారుమోగింది.

తర్వాతి కాలంలో ఓడకు పని తగ్గింది. కొన్నాళ్లు ఖైదీలను ఉంచే ఓడగా, కొన్నాళ్లు కొత్త నావికుల బసగా, ఆ తర్వాత సరుకుల గోదాముగా వాడారు. చివరికి 1838లో నౌకాదళం దాన్ని అమ్మేసింది. జాన్ బీట్సన్ అనే వ్యాపారి 5,530 పౌండ్లకు కొన్నాడు. పాత ఓడలను విడగొట్టి కలప, లోహం అమ్ముకోవడం ఆయన వృత్తి. ఆ ఏడు సెప్టెంబర్ 5, 6 తేదీల్లో షీర్‌నెస్ రేవు నుంచి థేమ్స్ నది మీదుగా లండన్ పక్కనున్న రోథర్‌హైత్‌కు ఓడను లాక్కెళ్లారు. నీళ్లలోకి దిగి నలభై ఏళ్లు నిండటానికి ఇంకా ఐదు రోజులే ఉంది.

దాని కలపలో కొంత కుర్చీలుగా, బల్లలుగా మారింది. రోథర్‌హైత్‌లోని సెయింట్ మేరీ చర్చిలో ఆ చెక్కతో చేసిన కుర్చీలు, ఒక బల్ల ఇప్పటికీ ఉన్నాయి.

రెండో మెట్టు: టర్నర్ బొమ్మ

టర్నర్ ఈ బొమ్మను 1839లో రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెట్టాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. లండన్‌లో ఒక మంగలి కొడుకుగా పుట్టి, దేశంలోకెల్లా పేరున్న చిత్రకారుడైనవాడు.

బొమ్మలో ఎడమవైపు పొడవాటి ఓడ లేత బంగారు రంగులో, వెన్నెల్లో కనిపించే ఆకారంలా ఉంటుంది. దాని ముందు చిన్న నల్లటి టగ్ బోటు. దాని పొగగొట్టం నిప్పూ పొగా చిమ్ముతుంటుంది. తెరచాపల కాలపు మహానౌకను ఆవిరి యంత్రపు బుల్లి పడవ లాక్కుపోతోంది. కుడివైపు సూర్యుడు అస్తమిస్తున్నాడు. ఎడమవైపు పైన నెలవంక. కింద కుడి మూలన నీటి మీద తేలే నల్లటి బోయా. ఓడ మీద జెండా లేదు. టగ్ బోటు మీద మాత్రం తెల్లటి జెండా ఎగురుతోంది. ఇక ఈ ఓడ నౌకాదళానిది కాదని, అమ్ముడైపోయిన సరుకని ఆ చిన్న గుర్తు చెబుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జరిగిన సంగతి, బొమ్మలో ఉన్న సంగతి ఒకటి కావు.

• ఓడను లాగింది రెండు టగ్ బోట్లు. టర్నర్ ఒక్కటే వేశాడు.
• రోథర్‌హైత్‌కు బయలుదేరేనాటికి ఓడ తెరచాప స్తంభాలు తీసేశారు. వట్టి డొల్ల మాత్రమే మిగిలింది. టర్నర్ మూడు స్తంభాలనూ నిలబెట్టి, చుట్టిన తెరచాపలతో సహా వేశాడు.
• టగ్ బోటులో పొగగొట్టం వెనకాల, జెండా కొయ్య ముందు ఉండాలి. టర్నర్ పొగగొట్టాన్ని ముందుకు తెచ్చాడు.
• ఆ ప్రయాణాన్ని టర్నర్ కళ్లారా చూశాడనడానికి గట్టి ఆధారం లేదు.

అయితే టర్నర్ అబద్ధం ఆడాడా? ఈ ప్రశ్నను పిల్లల ముందు పెట్టండి. వెంటనే జవాబు చెప్పకండి. స్తంభాలు లేని డొల్లను, రెండు బోట్లను వేసి ఉంటే మనకు ఏమనిపించేది? ఒక పాత ఓడను తరలిస్తున్నారు అనిపించేది, అంతే. టర్నర్ చెప్పదలచుకున్నది ఓడ ఎలా వెళ్లిందని కాదు. అంత సేవ చేసినదానికి దక్కిన వీడ్కోలు ఎలాంటిదో చెప్పదలచుకున్నాడు. అందుకే దానికి పోయిన స్తంభాలను తిరిగి ఇచ్చాడు. పొగ ఆ స్తంభాల మీదుగా వెనక్కి పోయేలా గొట్టాన్ని జరిపాడు. నౌకాదళం రికార్డు చూస్తే ఓడ చరిత్ర తెలుస్తుంది. బొమ్మ చూస్తే ఆ చరిత్ర గురించి ఒక మనిషి ఏమనుకున్నాడో తెలుస్తుంది. రెండూ కావాలి. ఒకదాన్ని రెండోదనుకోవడమే పొరపాటు.

టర్నర్‌కు ఈ బొమ్మంటే ప్రాణం. ఎంత అడిగినా అమ్మలేదు. ఆయన 1851లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారమే 1856లో ఇది దేశానికి దక్కింది.

మూడో మెట్టు: నకలు

ఈ బొమ్మకు పేరున్న తొలి నకలు టర్నర్ బతికుండగానే వచ్చింది. జె.టి. విల్మోర్ అనే కళాకారుడు 1845లో లోహపు పలక మీద గీతలు చెక్కి అచ్చు వేశాడు. రంగులు లేవు, నలుపు తెలుపే. అందులో ఒక తమాషా ఉంది. టగ్ బోటు పొగగొట్టం, జెండా కొయ్య నిజం బోటులో ఉండాల్సిన వరుసలోకి వచ్చేశాయి. టర్నర్ కావాలని మార్చినదాన్ని నకలు 'సరిదిద్దింది'. ఓడల సంగతి తెలిసినవాళ్లకు ఆ అచ్చు బాగానే ఉంటుంది. బొమ్మ మాత్రం మారిపోయింది. నకలు చేసేవాడి ముందు ఎప్పుడూ ఉండే ప్రశ్న ఇదే: ఎదురుగా ఉన్న బొమ్మకు కట్టుబడాలా, నిజం వస్తువుకు కట్టుబడాలా?

నేటి చేతి నకళ్లు చాలావరకు చైనాలోని షెన్‌జెన్ నగరంలో ఉన్న డాఫెన్ లాంటి చోట్ల తయారవుతాయి. వేలమంది చిత్రకారులు అక్కడ అదే పని చేస్తారు. మన నగరాల్లోనూ ఆర్డర్ మీద వేసేవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది అసలు బొమ్మను చూసి ఉండరు. ఫొటోను చూసి వేస్తారు. అంటే మన గోడ మీదికి వచ్చేది నకలుకు నకలు. ఫొటోలో రంగు ఎర్రగా వస్తే నకలు ఇంకా ఎర్రగా వస్తుంది. అసలు బొమ్మలో సూర్యాస్తమయం దగ్గర టర్నర్ రంగును గుట్టలుగా, మందంగా పెట్టాడు. ఓడ దగ్గర సన్నగా, జాగ్రత్తగా వేశాడు. ఆ ఎత్తుపల్లాలు ఫొటోలో పోతాయి. మంచి నకలుకారుడు వాటిని ఊహించి తిరిగి తేవాలి.

అలాగని ఆ పని చిన్నదేం కాదు. ఎలా చేస్తారో చూడండి. ముందు ఫొటో మీద గళ్లు గీస్తారు. కాన్వాస్ మీద అన్ని గళ్లే, పెద్దవిగా గీస్తారు. ఒక్కో గడిలో ఏముందో అందులోకి దించుతారు. ఈ పద్ధతి మీకు కొత్తకాదు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా హాళ్ల ముందు నిలబడ్డ భారీ బ్యానర్లను మన ఆర్టిస్టులు ఇలాగే, చిన్న ఫొటో మీద గళ్లు గీసుకుని వేసేవాళ్లు. మీలో చాలామంది చిన్నప్పుడు హాలు దగ్గర నిలబడి చూసే ఉంటారు. ఫ్లెక్సీ మిషను వచ్చాక ఆ చేతులకు పని పోయింది. టెమెరేర్‌ను లాక్కెళ్లిన టగ్ బోటు కథ మన వీధుల్లోనూ జరిగింది. ఈ మాట పిల్లలకు చెప్పండి. బొమ్మ అర్థం కావడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

గళ్ల తర్వాత పలుచటి రంగుతో వెలుగునీడలు వేస్తారు. దాని మీద పొరలు పొరలుగా రంగు వస్తుంది. కింది పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి. లేకపోతే పైది ముందు ఆరి, తర్వాత పగుళ్లు ఇస్తుంది. ఆయిల్ రంగుల్లో ఉండేది అవిసె నూనె. అది నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అందుకే మందంగా వేసిన చోట పూర్తిగా గట్టిపడటానికి నెలలు పడుతుంది. పైన వార్నిష్ పూయడానికి మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు. మీ 9వ తరగతి పిల్లలకు ఇది రసాయన శాస్త్రం పాఠం కూడా.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి

'చేతితో వేసింది' అని చెప్పి ప్రింట్‌ను అంటగట్టడం ఉంది. డబ్బు పెట్టేముందు ఈ నాలుగూ చూడండి.

1. ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. బ్రష్ గీతల గట్లు నీడలు పడుతూ కనిపించాలి.
2. భూతద్దంతో చూడండి. సన్నటి చుక్కలు కనిపిస్తే అది ప్రింట్.
3. కొన్ని ప్రింట్ల మీద పారదర్శకమైన జెల్ పూసి బ్రష్ గీతల్లా చేస్తారు. గీత ఒకవైపు పోతుంటే కింద రంగు ఇంకోవైపు పోతుంటుంది. చేతితో వేసినదాంట్లో గీతా రంగూ ఒకటే.
4. కొలత చూడండి. ఇది పిల్లలకు వదిలేయండి.

కొలత ఎందుకంటే, అసలు బొమ్మ ఎత్తు 90.7 సెంటీమీటర్లు, వెడల్పు 121.6 సెంటీమీటర్లు. ఎత్తును వెడల్పుతో భాగించమనండి. దాదాపు 0.75 వస్తుంది. అంటే 3:4 నిష్పత్తి. 18×24 అంగుళాల నకలు, 30×40 అంగుళాల నకలు ఈ నిష్పత్తికి సరిపోతాయి. షాపులో ఎక్కువగా దొరికే 24×36 మాత్రం 2:3. వెడల్పు 36 ఉంటే ఎత్తు 27 ఉండాలి, ఉన్నది 24. మూడు అంగుళాలు ఎక్కడికి పోయాయి? పైన ఆకాశం కోసేసి ఉండాలి, లేదా కింద నీళ్లు కోసేసి ఉండాలి, లేదా ఓడను పక్కలకు సాగదీసి ఉండాలి. బొమ్మలో తొమ్మిదో వంతు పోయిందన్నమాట. మూలనున్న బోయా పూర్తిగా ఉందో లేదో చూడమనండి. నిష్పత్తి పాఠం ఇంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ప్రింట్ కొనడం తప్పేమీ కాదు. రవివర్మ బొమ్మలను మన పెద్దవాళ్లలో చాలామంది చూసింది అచ్చుల్లోనే. 1894లో ఆయన ముద్రణాలయం మొదలయ్యాక లక్ష్మి, సరస్వతి బొమ్మలు మామూలు ఇళ్ల పూజగదులకూ చేరాయి. ప్రింట్‌ను ప్రింట్ ధరకు, చేతి నకలును దాని ధరకు కొనండి. తేడా తెలిసి కొనండి.

నకలు చేయడం తప్పా?

ఇంతవరకు చదివిన మీకు ఒక సందేహం రావాలి. 'కాపీ కొట్టకు' అని పొద్దస్తమానం పిల్లలకు చెప్పే మనం, నకలు మీద ఇంత పెద్ద పాఠం ఎందుకు పెట్టుకున్నాం?

టర్నర్ నేర్చుకున్నదే నకళ్లు వేసి. కుర్రతనంలో ఆయన, స్నేహితుడు గిర్టిన్ కలిసి లండన్‌లో డాక్టర్ మన్రో అనే వైద్యుడి ఇంట్లో సాయంత్రాలు కూర్చుని ఇతరుల చిత్రాలకు నకళ్లు వేసేవాళ్లు. చేతికి కొన్ని షిల్లింగులు, రాత్రికి భోజనం దొరికేవి. సముద్రం బొమ్మల్లో డచ్చి చిత్రకారుడు వాన్ డి వెల్డ్ ఆయనకు గురువులాంటివాడు. వాన్ డి వెల్డ్ బొమ్మకు తీసిన ఒక అచ్చును చూపించి, తనను చిత్రకారుణ్ని చేసింది ఇదేనని టర్నర్ అన్నట్టు చెప్పుకుంటారు. అది అసలు బొమ్మ కూడా కాదు, నకలు. అలా నేర్చుకున్నవాడే 1801లో వాన్ డి వెల్డ్ బొమ్మకు జోడీగా తన సొంత సముద్ర చిత్రం వేసి ప్రదర్శించాడు.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఈనాటికీ అనుమతి తీసుకున్నవాళ్లు గ్యాలరీలో కూర్చుని గొప్ప బొమ్మలకు నకళ్లు వేయవచ్చు. రెండు నియమాలు మాత్రం గట్టిగా ఉన్నాయి. నకలు అసలు బొమ్మ కొలతలో ఉండకూడదు, కనీసం ఐదో వంతు పెద్దదో చిన్నదో కావాలి. అసలు చిత్రకారుడి సంతకం దాని మీద వేయకూడదు. నకలు ఎంత బాగా వచ్చినా ఎవరూ దాన్ని అసలనుకోకూడదని ఈ జాగ్రత్త.

చట్టం సంగతి కూడా తెలియాలి. మన దేశంలో చిత్రకారుడు చనిపోయాక 60 ఏళ్ల వరకు ఆయన బొమ్మ మీద కాపీరైట్ ఉంటుంది. టర్నర్ పోయి నూట డెబ్బై ఏళ్లు దాటింది కాబట్టి ఆయన బొమ్మకు ఎవరైనా నకలు వేయవచ్చు, అమ్మవచ్చు. నకలును అసలని చెప్పి అమ్మితే మోసం. ఈ రోజుల్లో ఉన్న చిత్రకారుల బొమ్మలకు ఈ వెసులుబాటు లేదు.

కాబట్టి తేడా తెచ్చేది కింద ఉన్న పేరు. ఇక్కడే మీతో ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఆర్ట్ ప్రాజెక్ట్ ఇచ్చిన వారంలో కొన్ని స్టేషనరీ షాపుల దగ్గర రద్దీ పెరుగుతుంది. 'ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును' అనే బోర్డు మీరూ చూసే ఉంటారు. డబ్బిస్తే బొమ్మ సిద్ధం. కింద పిల్లల పేరు రాసి ఇచ్చేస్తాం. మీ ఇబ్బంది మాకు తెలుసు. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిదవుతుంది, మర్నాడు స్లిప్ టెస్ట్ ఉంటుంది, ప్రాజెక్ట్ ఆఖరి రోజు రాత్రి గుర్తొస్తుంది. అయినా ఆలోచించండి. ఆ బొమ్మ వేసిన మనిషి పేరు ఎక్కడా లేదు. వేయని పిల్లల పేరు ఉంది. లూవ్ర్ వద్దన్నది సరిగ్గా ఇలాంటిదే. మార్కులు రెండు ఎక్కువ రావచ్చు. కానీ 'చేయనిదానికి నా పేరు పెట్టుకోవచ్చు' అనే పాఠం ఆ రోజు మన చేతుల మీదుగానే పిల్లలకు అందుతుంది. వంకరగా వచ్చినా సొంతంగా గళ్లు గీసి వేసిన నకలుకు, కింద 'ఇది ఫలానా బొమ్మకు నకలు, వేసింది నేను' అని రాసినదానికి విలువ ఎక్కువ. పిల్లలు వేసినదేదో, పెద్దలు వేసినదేదో టీచర్లకు మొదటి చూపులోనే తెలిసిపోతుంది కూడా.

మన తీరంలో

టెమెరేర్ కథ దూరదేశానిది. దానికి దగ్గరి చుట్టం లాంటి కథ మనకూ ఉంది. మన మొదటి విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ 1961లో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పనిచేసింది. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖపట్నం తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా మీలో చాలామంది చూశారు. అది జరిగినదాని ఆధారంగా అల్లిన కథ. టర్నర్ బొమ్మను అడిగిన ప్రశ్నే దాన్నీ అడగవచ్చు: ఇందులో రికార్డు ఎంత, కల్పన ఎంత?

విక్రాంత్ 1997లో విధుల నుంచి తప్పుకుంది. 2012 వరకు ముంబైలో మ్యూజియంగా ఉంది. 2014లో దాన్ని అమ్మి, ముంబైలోనే విడగొట్టారు. ఆ లోహంలో కొంత 2016లో వచ్చిన బజాజ్ 'వి' మోటార్‌సైకిళ్లలోకి చేరింది. ఒక ఓడ చర్చి కుర్చీలైంది, ఇంకో ఓడ బైక్ ట్యాంకుల్లో కలిసింది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామికి వేరే దారి దొరికింది. 2001లో విధులు ముగిసిన ఆ నౌకను ఒడ్డుకు తెచ్చి 2002లో మ్యూజియంగా తెరిచారు. సెలవుల్లో విశాఖ వెళితే పిల్లలను లోపలికి తీసుకెళ్లండి. దాన్ని చూసి బొమ్మ వేయమనండి. అది నకలు కాదు, సొంత బొమ్మ అవుతుంది.

ఇంట్లో చేసి చూడండి

ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు చాలు.

• టెమెరేర్ బొమ్మను 9×12 సెంటీమీటర్ల కొలతలో ప్రింట్ తీయండి. దాని మీద 1.5 సెంటీమీటర్ల గళ్లు గీయమనండి.
• డ్రాయింగ్ షీటు మీద 18×24 సెంటీమీటర్ల పెట్టె గీసి, 3 సెంటీమీటర్ల గళ్లు గీయాలి. రెండింటిలోనూ 48 గళ్లే వస్తాయి. ఎందుకో పిల్లలనే చెప్పమనండి.
• ప్రింట్‌ను తలకిందులుగా పెట్టి ఒక్కో గడినీ దించమనండి. అప్పుడు 'ఓడ' అనుకుని కాకుండా నిజంగా కనిపిస్తున్న గీతను గీస్తారు.
• రంగులకు క్రేయాన్లు, వాటర్ కలర్లు చాలు. ఆయిల్ రంగులు వాడితే కిటికీలు తెరిచి, పెద్దవాళ్ల సమక్షంలోనే వాడాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి, తర్వాత పారేయండి.
• పూర్తయ్యాక వెనకవైపు ఇలా రాయించండి: 'టర్నర్ వేసిన ది ఫైటింగ్ టెమెరేర్ చిత్రానికి నకలు', పిల్లల పేరు, తరగతి, తేదీ. దాని కింద తమ నకలులో తేడా వచ్చిన మూడు చోట్లు వాళ్లే రాయాలి.

ఆ చివరి మూడు వాక్యాలే అసలు పని. తేడా కనిపెట్టిన పిల్లలు బొమ్మను నిజంగా చూసినట్టే.

మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

6, 7 తరగతులు: బొమ్మలో ఎన్ని వెలుగులున్నాయి? సూర్యుడు, చంద్రుడు కాకుండా ఇంకేమైనా ఉందా?

8 తరగతి: టగ్ బోటు చెడ్డదా? అది లేకపోతే ఆ ఓడ కదలగలిగేదా? ఆవిరి యంత్రం వల్ల బాగుపడినవాళ్లు ఎవరు, నష్టపోయినవాళ్లు ఎవరు?

9, 10 తరగతులు: విల్మోర్ పొగగొట్టాన్ని సరైన చోటికి మార్చడం మంచి పనేనా? నువ్వైతే మార్చేవాడివా, మార్చేదానివా? ఎందుకు?

ఇంట్లో అందరికీ: తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ రోజూ వాడి, ఇప్పుడు ఎవరూ వాడని వస్తువు ఏముంది? అది ఎక్కడికి పోయింది? వాళ్లనే అడిగి తెలుసుకోండి.

పిల్లలు వేసిన షీట్లను వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు తీసుకొచ్చి ఆర్ట్ టీచర్‌కు చూపించండి. గీత వంకర పోయినా ఫర్వాలేదు, రంగు కలిసిపోయినా ఫర్వాలేదు. వెనకవైపు రాసిన పేరు, తేడాలు ఉంటే చాలు. ఇకమీదట ఫ్రేముల షాపులో ఓడ బొమ్మ కనిపిస్తే, ధర అడిగేలోపే మీ పిల్లలు టార్చి వేసి చూస్తారు.